ఇంజెక్షన్ తీసి కార్బ్యురేటర్ బిగించిన పాత కారు సులువుగా స్టార్ట్ కావాలంటే

ఒత్తిడితో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వ్యవస్థ పాడై, దాని విడిభాగాలు దొరక్క, గాలి పీల్పుతోనే పెట్రోలును కలిపే కార్బ్యురేటర్‌కు మార్చుకున్న పాత కార్ల యజమానులు తరచుగా చెప్పే ఇబ్బంది ఏమిటంటే, ఇంజను ఒకసారి అందుకున్నాక బాగానే నడుస్తుంది గానీ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి నానా తిప్పలు పెడుతుంది. చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. నా దృష్టిలో అవి అన్నిటికంటే చివర ముట్టుకోవలసినవి. పాత వ్యవస్థలో చల్లని ఇంజనులోకి అదనంగా పెట్రోలు చిమ్మే ప్రత్యేక ఇంజెక్టరు, అది ఎంతసేపు పనిచేయాలో నిర్ణయించే స్విచ్, ఇంజను వేడెక్కే దాకా ఎక్కువ గాలిని పంపే వాల్వు ఉండేవి. వాటిని తీసేశాక ఆ పనులన్నీ చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే రేకు) మీద, యాక్సిలరేటర్ పంపు (పెడల్ తొక్కగానే కార్బ్యురేటర్‌లో అదనపు పెట్రోలు చిమ్మే చిన్న పంపు) మీద, నడిపేవారి పాదం మీద పడ్డాయి. మిగతా భాగాలన్నీ సక్రమంగా ఉంటేనే అవి ఆ పని చేయగలవు.

మొదట పెట్రోలు ఒత్తిడి చూడాలి. బాష్ కె-జెట్రానిక్ వంటి ఇంజెక్షన్ వ్యవస్థ సుమారు 5 బార్ ఒత్తిడితో పనిచేస్తుంది, వెబర్ కార్బ్యురేటర్‌కు మాత్రం 0.2 బార్ చాలు. పాత పంపునే ఉంచేస్తే ఆ ఒత్తిడికి ఫ్లోట్ గిన్నెలోని (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు నిలవలేదు, పెట్రోలు పొంగి నేరుగా మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి దిగుతుంది. కొందరు కొత్త పంపు బిగించి, పాతదాన్ని కరెంటు తీసేసి అదే లైనులో వదిలేస్తారు. అప్పుడు కొత్త పంపు ఆ అడ్డంకి గుండా పెట్రోలును లాక్కోవలసి వస్తుంది కాబట్టి పాతదాన్ని పూర్తిగా తీసేయడమే మంచిది. కొత్త పంపును ట్యాంకుకు దగ్గరగా, కింది భాగంలో బిగించాలి, ఎందుకంటే ఎలక్ట్రిక్ పంపులు తోయడంలో ఉన్నంత సమర్థంగా లాగడంలో ఉండవు. ట్యాంకుకు తిరిగి వెళ్లే పాత రిటర్న్ లైనును మాత్రం మూసేయకండి, వేడి ఇంజను విషయంలో దాని అవసరం ఉంటుంది. ఇంజను ఆగిపోతే పంపుకు కరెంటు ఆపేసే రిలే గానీ ఆయిల్ ప్రెజర్ స్విచ్ గానీ తప్పనిసరిగా ఉండాలి. ప్రమాదంలో గొట్టం తెగినప్పుడు పంపు పెట్రోలు పోస్తూనే ఉండకుండా కాపాడేది అదే.

తర్వాత చూడవలసింది దొంగగాలి. ఇంజెక్టర్లు, చల్లని స్టార్టు ఇంజెక్టరు, అదనపు గాలి వాల్వు ఉన్న చోట మిగిలిన రంధ్రాల్లో ఏ ఒక్కటి సరిగా మూయకపోయినా, కార్బ్యురేటర్ లెక్కలోకి రాని గాలి లోపలికి చేరి గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని, కార్బ్యురేటర్ అడుగున ఉన్న ప్యాకింగును కూడా పరీక్షించాలి. ఇంజను నడుస్తుండగా ఒక్కో గొట్టాన్ని నొక్కిపట్టినప్పుడు వేగం మారితే లీకు ఎటువైపు ఉందో తెలుస్తుంది.

మానిఫోల్డు సంగతి దీనికంటే చిక్కైనది. ఇంజెక్షన్ మానిఫోల్డు గుండా గాలి మాత్రమే పోయేది, పెట్రోలు వాల్వు దగ్గర చిమ్మబడేది. అదే మానిఫోల్డు మీద ఒక కార్బ్యురేటర్ పెడితే పెట్రోలు పొడవైన చల్లని గొట్టాల గుండా ప్రయాణిస్తూ, సగం దారిలోనే గోడలకు అంటుకుని ద్రవంగా మారిపోతుంది. కార్బ్యురేటర్ కోసమే తయారైన మానిఫోల్డుల్లో చాలావాటికి వేడినీటి మార్గం ఉంటుంది. మొదటి క్షణంలో అది కూడా చల్లగానే ఉంటుంది గనుక చోక్ అవసరం తప్పదు, కానీ చోక్ వాడవలసిన సమయం బాగా తగ్గుతుంది. వీలైతే అటువంటి మానిఫోల్డుకే ఖర్చు పెట్టమంటాను.

నిప్పురవ్వ విషయానికొస్తే, పూర్తిగా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. బ్యాలస్ట్ రెసిస్టరు (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) ఉన్న కార్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు, రవ్వకు కావలసిన వోల్టేజి పుట్టించే కాయిల్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు అందేలా ఒక వైరు ఉంటుంది. మార్పిడి పనిలో అది ఊడిపోతే, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ రవ్వ బలహీనంగానే ఉంటుంది. ఎలక్ట్రిక్ చోక్‌కు కరెంటును కాయిల్ నుంచి తీసుకోవడం మరో సాధారణమైన పొరపాటు, దానికి వేరే ఫ్యూజుతో విడిగా వైరు వేయాలి. పాయింట్ల (కాయిల్ కరెంటును తెంచి రవ్వ పుట్టించే స్విచ్) గ్యాపు, టైమింగు (రవ్వ పడే సమయం) ఆ ఇంజను మాన్యువల్ ప్రకారం పెట్టండి.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కార్బ్యురేటర్ దగ్గరకు రావాలి. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, పెట్రోలు పంపుతో ఫ్లోట్ గిన్నె నింపి, పైనుంచి చూస్తూ యాక్సిలరేటర్ లివరును చేత్తో కదపండి. కదిపిన వెంటనే సన్నని ధార చిమ్మాలి. ధార రాకపోతే గిన్నె ఖాళీగా ఉందనో, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) గట్టిపడిందనో అర్థం. కదపకుండానే కారుతుంటే ఒత్తిడి గానీ ఫ్లోట్ మట్టం గానీ ఎక్కువైంది. పాయింట్లున్న కారులో ఇగ్నిషన్‌ను ఆన్‌లో ఎక్కువసేపు ఉంచితే కాయిల్ వేడెక్కుతుందని మరవకండి. వెబర్ 32/36 రకంలో మిక్చర్ స్క్రూను నెమ్మదిగా చివరిదాకా బిగించి రెండు చుట్లు వెనక్కి తిప్పి మొదలుపెట్టవచ్చు. ఐడిలింగ్ నిలవడానికి వేగం స్క్రూను, లివరుకు తగిలిన దగ్గర నుంచి చుట్టున్నర కంటే ఎక్కువ బిగించాల్సి వస్తే ఐడిల్ జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రం) చిన్నదై ఉంటుంది, లేదా గాలి లీకు ఇంకా మిగిలే ఉంటుంది.

చల్లని ఇంజనును స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి, పంపు టక్‌టక్ శబ్దం నెమ్మదించే దాకా ఆగాలి. ఆటోమేటిక్ చోక్ అయితే పెడల్‌ను ఒకసారి పూర్తిగా తొక్కి వదిలేయాలి. చోక్ రేకు మూసుకోవడానికీ, ఫాస్ట్ ఐడిల్ (చల్లని ఇంజను కాస్త వేగంగా తిరిగేలా చేసే అమరిక) పట్టుకోవడానికీ ఆ ఒక్క తొక్కుడు అవసరం. చేతి చోక్ అయితే పూర్తిగా లాగి, రెండు మూడు సార్లు తొక్కి, పాదం తీసేసి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోసారి పది సెకన్లు మించకుండా తిప్పి, మధ్యలో సెల్ఫ్ మోటారుకు విరామం ఇవ్వాలి. ఇంజను అందుకోగానే చోక్ రేకు కొద్దిగా తెరుచుకోవాలి, లేకపోతే నల్లపొగ వచ్చి ఆగిపోతుంది. వెబర్ డీసీఓఈ వంటి వాటిలో చోక్ రేకు ఉండదు, దాని బదులు చల్లని స్టార్టుకు వేరే మార్గం ఉంటుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే అది పనిచేస్తుంది కాబట్టి ఆ లివరు వాడుతున్నంతసేపూ పెడల్ తొక్కకూడదు.

వేడి ఇంజను ఆపిన పది, ఇరవై నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేయడం కష్టం, ఎందుకంటే ఆ వేడికి గిన్నెలోని పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి జారుతుంది. అప్పుడు చోక్ వాడకుండా, పెడల్‌ను పదేపదే తొక్కకుండా, సగం దాకా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. శాశ్వత పరిష్కారం కావాలంటే కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే స్పేసరు వేయాలి, పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరం జరపాలి, ఆ రిటర్న్ లైనును పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌కు కలిపి పెట్రోలు ఆగకుండా తిరిగేలా చేయాలి.

అయినా స్టార్ట్ కాకపోతే ప్లగ్గు తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, మళ్లీ పంపు దగ్గర నుంచి రావాలి. తడిసి ఉంటే తుడిచి, చుట్టుపక్కల పెట్రోలు ఆవిరి లేకుండా చూసుకుని రవ్వను పరీక్షించండి. రవ్వ బలంగా ఉంటే ప్లగ్గులు ఆరబెట్టి బిగించి, పెడల్‌ను పూర్తిగా తొక్కిపట్టి తిప్పితే లోపల నిలిచిన పెట్రోలు బయటికి పోయి ఇంజను అందుకుంటుంది.