ఎండ దెబ్బ తిన్న పెరట్లో శరత్తు పూలు – మూడో పాఠం: గోటి గీత, కత్తెర, చేమంతికి చీకటి

పోయిన పాఠంలో ఒక చిన్న పని ఇచ్చాను. ప్రతి కుండీలో చెంబుడు నీళ్ళు పోసి అవి ఎటు పోతున్నాయో చూడమన్నాను. చూశారా? ఒక కుండీలో నీళ్ళు పైనే నిలబడి ఉంటాయి. ఇంకోదాంట్లో పోసినవి పోసినట్టే అంచు వెంట జారి కింద నుంచి వచ్చేసి ఉంటాయి. మొదటిదాంట్లో వానలకు మట్టి అణిగిపోయి, అడుగు చిల్లు వేళ్ళతో పూడుకుపోయింది. రెండోది సన్‌షేడ్ కిందో మెట్ల కిందో ఉండి వాన తగలనిది. మే నెలలో బిగుసుకున్న మట్టి అలాగే ఉండిపోయి, కుండీ గోడకూ మట్టికీ మధ్య సందు పడింది. రెండు మొక్కలూ ఒకేలా వాడి కనబడతాయి. మనమేమో రెండింటికీ ఒకే ఎరువు వేసి ఊరుకుంటాం.

చిల్లు పూడినదాన్ని అడుగు నుంచి చువ్వతో పొడవండి, పైన రెండంగుళాల మట్టి గుల్ల చేయండి. సందు పడ్డదాన్ని బకెట్టు నీళ్ళలో నిలువునా దించి బుడగలు ఆగేదాకా ఉంచండి. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే చుట్టూ పుల్లతో గుచ్చి, గంటకో చెంబు చొప్పున పోయండి.

ఇక ఈసారి పాఠం. మహాలయ అమావాస్య దగ్గరపడింది. ఒడిశాలోని మా బరంపురంలో పొద్దున్నే వీధిలోకి వస్తే పక్కింటి పారిజాతం కింద తెల్లగా పరుచుకుని ఉంటోంది. ఒడియా వాళ్ళు దాన్ని గంగశిఉళి అంటారు. మన మందారం మాత్రం వాళ్ళకూ మందారే. పారిజాతాన్ని ఇప్పుడు కత్తిరించకండి. కొత్త కొమ్మల చివర్లే కదా పూసేది, ఇప్పుడు కోస్తే ఈ ఏటి పూలు పోయినట్టే. మల్లె జోలికీ పోవద్దు, దాని కాలం వేరు.

మందారంతో మొదలుపెడదాం. వేసవి తిన్న మొక్కలో ఏ కొమ్మ బతికుందో, ఏది పోయిందో ఆకుల్ని చూసి చెప్పలేం. కొమ్మ చివర బొటనవేలి గోటితో సన్నగా ఒక గీత గీయండి. పై తొక్క లేచి కింద పచ్చగా, కాస్త తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే చచ్చినట్టు. అక్కడితో ఆపకుండా జానెడు కిందికి వచ్చి మళ్ళీ గీయండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే దానికి అంగుళం కింద, బయటి వైపు చూస్తున్న కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కత్తిరించండి. లోపలి వైపు కణుపు మీద కోస్తే కొమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, మధ్యలో గాలి ఆడదు, పిండినల్లి అనే తెల్లటి పురుగు చేరుతుంది. మొత్తం మొక్కలో మూడో వంతుకు మించి తీయకండి. ఆ తెల్లటి పిండి అప్పటికే ఉంటే లీటరు నీళ్ళకు ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

గులాబీకీ ఇదే కోత. కానీ తొందరొద్దు, వానలు వెనక్కి తగ్గేదాకా ఆగండి. మా వైపు అది అక్టోబరు నడుమ. కోత తడిస్తే కొమ్మ పైనుంచి నల్లబడుతూ దిగుతుంది. ఎండు రోజు చూసి కోసి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే ఆరేడు వారాల్లో పూలు చూడొచ్చు.

ఎరువు? కోసిన రోజే వద్దు. కొత్త చిగురు గోరంత కనబడ్డాక పన్నెండంగుళాల కుండీకి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి చాలు. కనకాంబరానికి వేపపిండి తప్పనిసరి అనుకోండి, దాని వేళ్ళకు నులిపురుగుల బెడద ఎక్కువ. పనిలో పనిగా దాని ఎండు కాయ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. టప్పున పేలి గింజ ఎగిరిపడుతుంది. పిల్లలుంటే వాళ్ళ చేత చేయించండి, మొక్కల మీద ఆసక్తి దానంతట అదే వస్తుంది.

బంతి సంగతి ఒక్క మాటలో చెప్తాను. వేసవి నుంచి ఉన్న ముదురు బంతిని బాగుచేయాలని చూడకండి. దాని లేత కొమ్మ ఒకటి తుంచి తడి ఇసుకలో గుచ్చండి, తేలిగ్గా వేరు పోస్తుంది.

ఇప్పుడు చేమంతి. ఈ పాఠం రాయడానికి అసలు కారణం అదే.

నాలుగేళ్ళ కిందట ఒకే తల్లి మొక్క పిలకలు రెండు కుండీల్లో పెట్టాను. ఒకటి మేడ మీద వెనక వైపు, ఇంకోటి గేటు పక్కన. మట్టి, నీళ్ళు, నూనె తీశాక మిగిలే గింజల చెక్క నానబెట్టిన నీళ్ళు అన్నీ రెండింటికీ సమానమే. కార్తీకంలో వెనకది విరగబూసింది. గేటు పక్కది నడుం ఎత్తు పెరిగి, సంక్రాంతి దాకా ఆకులు ఊపుకుంటూ నిలబడింది. పిలకలిచ్చిన నర్సరీ అబ్బాయిని లోలోపల తిట్టుకున్నాను, ఇంకాస్త ఎరువు కూడా వేశాను. చివరికి పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) వచ్చి చూసి, “నెత్తిన రాత్రంతా వీధిలైటు వెలుగుతుంటే దానికి రాత్రి ఎప్పుడవుతుంది?” అంది. ఆవిడ పుస్తకం చదివి అన్న మాట కాదు కానీ విషయం సరిగ్గా అదే.

చేమంతి మొగ్గ వేయాలంటే రాత్రి పొడుగ్గా, మధ్యలో వెలుతురు పడకుండా ఉండాలి. మొక్కలు పగలూ రాత్రీ నిడివిని బట్టి పూస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికన్లు 1920లో ప్రకటించారు. మా ఊళ్ళో జూన్ నెలాఖరున పగలు దాదాపు 13 గంటల పావు. అక్టోబరు చివరికి అది పదకొండున్నరకు దిగుతుంది. చేమంతి కనిపెట్టేది ఆ తేడానే. ఎండ తగ్గినందుకే పూస్తుందనుకుంటాం గానీ, చల్లదనం సాయం మాత్రమే, కబురు అందించేది చీకటి. మన గంజాం జిల్లా మొగలి పూలకు వానాకాలమే పెద్ద సీజన్ అయితే దీనికి పొడుగు రాత్రులు కావాలి. ఎవరి లెక్క వాళ్ళది.

కాబట్టి ఈ వారమే, రాత్రి తొమ్మిదింటికి బయటికెళ్ళి చేమంతి కుండీ పక్కన నిలబడండి. ఆకు ఈనెలు కనబడేంత వెలుతురుందా? కుండీ జరపండి. జరపలేకపోతే సాయంత్రం ఆరింటికి నల్ల గుడ్డో అట్టపెట్టో కప్పి పొద్దున్నే తీయండి. ఒక్క రోజు చేసి మానేస్తే లాభం లేదు, మొగ్గలు కనబడేదాకా రోజూ చేయాలి.

గుబురుగా పెరగాలని చేమంతి కొమ్మల తలలు తుంచడం వినాయక చవితికే ఆగిపోవాలి. ఇప్పుడు తుంచితే మొగ్గ వేయబోయే చోటే పోతుంది. దసరా పనుల్లో పడి మర్చిపోయామని ఇప్పుడు కత్తెర పట్టుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వద్దు, పొడుగ్గానే పూయనివ్వండి, కర్ర కట్టండి.

కర్ర అంటే గుర్తొచ్చింది. మన వైపు అక్టోబరంటే తుఫాను టెన్షన్ కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి పర్లాకిమిడి వైపు ఊళ్ళను ముంచింది. హెచ్చరిక వినగానే మేడ మీది కుండీలు కిందికి దించండి. దించలేనివాటిని గోడ వారగా పడుకోబెట్టండి, నిలబెట్టి తాడు కట్టడం కన్నా అదే మేలు. గాలి తగ్గిన మర్నాడు మొదటి పని ఆకుల్ని మంచినీళ్ళతో కడగడం. సముద్రపు గాలి ఉప్పు ఆకు మీద ఎండితే అంచులు కాలినట్టవుతాయి.

వచ్చే పాఠం మొగ్గల మీద, ఏవి ఉంచాలి, ఏవి గిల్లాలి అని. అప్పటిదాకా మీ పని ఒకటే. చేమంతిలో ఒక కొమ్మకు దారం కట్టండి. రోజు మార్చి రోజు దాని చివర చూసి, ఆకుల మధ్య ఆవగింజంత పచ్చటి బొడిపె ఎప్పుడు కనబడిందో ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టండి. ఆ తేదీతో పని ఉంది.