రెండు ఊళ్ళ మధ్య పాత సరిహద్దు రాళ్ళు వెతకాలంటే

ముందు మ్యాపు, తర్వాతే నడక. ఇప్పటి మ్యాపులో రెండు ఊళ్ళ మధ్య గీత ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో చూసి, దాన్ని పాత సర్వే మ్యాపుతో పోల్చుకోండి, ఎందుకంటే రాళ్ళు ఎక్కువగా పాతింది ఆ మలుపుల దగ్గర, గీత రోడ్డును దాటే చోట, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట. మూడూళ్ళ రాయి దొరికితే ఆ సంతోషమే వేరు.

చెట్ల కింద ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పు చూపిస్తుంది, అందుకని చుక్క దగ్గరే ఆగిపోకుండా చుట్టూ మెల్లగా తిరగండి. ఆకులు రాలి పొదలు పలచబడ్డాక వెళ్తే సగం పని అయినట్టే. మామూలు బండ కాదని ఎలా తెలుస్తుందంటే ఉలి దెబ్బలు, చదును చేసిన ముఖం, నిటారుగా పాతిన తీరు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో చాలా రాళ్ళ మీద ఏ వైపు ఊరికి ఆ వైపు పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంటుంది. ఐదేళ్ళకోసారి రాళ్ళన్నీ చూసి, చూసిన ఏడాదిని వాటి మీద వేయాలని అక్కడ చట్టమే ఉంది.

అక్షరాలు అరిగిపోతే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. చేత్తో తడిమినా అందని గీత నీడ పడి పైకి తేలుతుంది. వైర్ బ్రష్, యాసిడ్ అస్సలు వద్దు, నాచు కూడా గీకొద్దు. ఒరిగిపోయిన రాయిని మీరే నిలబెట్టకండి, అది ఉన్న చోటే దాని విలువ. అన్ని వైపులా ఫొటోలు తీసి, ఎత్తు, వెడల్పు, జీపీఎస్ అంకెలు రాసుకోండి. ఇంకొకరి స్థలమైతే మాత్రం అడిగాకే అడుగు పెట్టండి.