కుటుంబంతో గుడారం – 4వ పాఠం: టెంటు కారలేదు

ఈసారి వంట గురించి చెబుతానన్నాను. మూడో పాఠం చదివి దేవమాలి కొండ కింద ఒక రాత్రి పడుకుని వచ్చినవాళ్లు ఆ పని చేయనిచ్చేలా లేరు. సగం మందిది ఒకటే మాట: టెంటు కారింది, దుప్పట్లు తడిశాయి, పిల్లకి జలుబు, మా ఆవిడ ఇంక ఈ జన్మలో రానంది. వాన పడిందా అంటే చుక్క కూడా లేదట!

మరి నీళ్లెక్కడివి? మీవే. నలుగురు రాత్రంతా ఊపిరి వదులుతుంటే అందులోని ఆవిరి ఎటు పోవాలి? బయటి చలికి టెంటు గుడ్డ చల్లబడి ఉంటుంది, ఆవిరి దానికి తగిలి నీరవుతుంది, అన్నం గిన్నె మూత తీసి తిరగేస్తే చుక్కలు కనిపిస్తాయే, అదే సంగతి. పైగా కొండెక్కాం కదా. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైనది లేదు. శిఖరం దాకా ఎక్కకపోయినా బరంపురం చలికి అలవాటుపడ్డ ఒళ్లు అక్కడ వణుకుతుంది. దాంతో జిప్పులన్నీ బిగించేశారు, అదీ చాలక కొందరు పైన బరకం కప్పారు.

ఆ బరకం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. టెంటు కుట్టినవాడు పైభాగాన గాలి పోయే సందులు పెట్టింది అందం కోసం కాదు. ప్లాస్టిక్ బరకంలోంచి గాలి ఆడదు, దాన్ని నేల దాకా లాగి రాళ్లు పెట్టారంటే మీరు నలుగురూ ఒక పెద్ద సంచిలో పడుకున్నట్టే. చలి ఆగుతుంది కదా అంటారు, తడిసిన దుప్పటి కప్పుకున్నవాడికి ఏం ఆగుతుంది? బరకం కిందే పరవండి, అదీ టెంటు అంచు దాటి బయటికి కనబడకుండా లోపలికి మడవండి, లేకపోతే మంచు దాని మీద పడి జారి కిందికి చేరుతుంది. మొదటిసారి నాగావళి ఒడ్డున నేనూ ఇదే చేశాను. తెల్లవారుజామున మా అబ్బాయి వేలితో టెంటు గోడ మీద వాడి పేరు రాస్తూ "నాన్నా, దీనికి చెమట పట్టింది" అన్నాడు. అక్షరాల్లోంచి నీళ్లు కారి నా దిండు మీద పడుతున్నాయి.

మరి తెరిచి పెడితే దోమలు రావా? మంచి ప్రశ్నే, మన కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. తలుపుకి రెండు పొరలుంటాయి. వల పొర పొద్దు గుంకక ముందే మూసేయండి, తెల్లారేదాకా తీయొద్దు. గుడ్డ పొర మాత్రం ఎదురెదురుగా రెండు చోట్ల జానెడు తీసి ఉంచండి. చలికి ఒంటి మీద ఇంకో స్వెట్టర్ వేసుకోండి, కింద గడ్డి చాప మందంగా పరచండి, ఎందుకంటే సగం చలి నేలలోంచే వస్తుంది. కుంపటి మాత్రం లోపలికి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇందులో బేరం లేదు.

ఏటి ఒడ్డున మెత్తటి ఇసుక చూసి మనసు పారేసుకున్నవాళ్లకి ఇంకో మాట. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది, ఏటి తేమ ఎలాగూ ఉంది. కాస్త పైన గట్టు మీద వేసుకోండి.

వంట సంగతి రెండు ముక్కల్లో. ఇడ్లీ పాత్ర మోసుకెళ్లిన మహానుభావులున్నారు! ముగ్గురు కొండలు చూస్తుంటే ఒక మనిషి స్టవ్ ముందు కూర్చుందంటే, వంటిల్లు మారిందంతే, ఆవిడకి సెలవెక్కడిది? "ఇంక రాను" అన్న మాటలో తడి దుప్పటి వాటా ఎంతో, ఈ స్టవ్ వాటా ఎంతో ఒకసారి అడిగి చూడండి. మా ఇంట్లో రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పొద్దున చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. గిన్నెలు నేనూ అబ్బాయీ కడుగుతాం. ఆవిడ టీ గ్లాసుతో రాయి మీద కూర్చుంటే గంటసేపు ఎవరం పలకరించం.

అభ్యాసం, కొంచెం కష్టమైనదే. ఈ శీతాకాలంలోనే మీ డాబా మీద మూడు రాత్రులు టెంటులో పడుకోండి, అదే నలుగురు, అవే దుప్పట్లు. మొదటి రాత్రి గుడ్డ పొరలన్నీ మూసి, రెండో రాత్రి ఒకవైపు జానెడు తీసి, మూడో రాత్రి రెండువైపులా తీసి. లేవగానే లోపలి గోడకి అరచేయి రాసి ఎంత తడిసిందో రాసుకోండి. మూడో రోజు కూడా చెయ్యి బాగా తడిస్తే నాకు చెప్పండి, పైన బరకం కప్పలేదని ఒట్టేసి మరీ.