చప్పుడు విని నెయ్యి కాచడం ఎలా

నెయ్యి కాగిందో లేదో రంగు చూసి చెప్పొచ్చంటారు. నేను మాత్రం ముందు చప్పుడు వినమంటాను. బడిలో పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాను. గట్టిగా ఉన్నది కరగడం, ద్రవం ఆవిరవడం, మళ్లీ గడ్డకట్టడం, ఇవన్నీ ఒక్క గిన్నెలో కనిపించేది వెన్న కాచినప్పుడే.

అరకిలో వెన్న తీసుకోండి. ఇంట్లో చిలికిందైతే చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, మజ్జిగ పోయేలా పిండండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సగానికి మించకుండా వేసి, సన్నటి మంట మీద పెట్టండి. కరగడానికి ఎంతోసేపు పట్టదు. మా విజయవాడ ఎండల్లో అయితే పొయ్యి కూడా అక్కర్లేదు.

కాసేపటికి చిటపటలు మొదలవుతాయి. అసలు పని ఇక్కడే. వెన్నంటే అంతా కొవ్వు కాదు. కొన్న వెన్నలోనే నూటికి 16 పాళ్ల దాకా నీళ్లుంటాయి, అంటే అరకిలోకి 80 గ్రాములు. ఇంటి వెన్నలో ఇంకా ఎక్కువే. ఆ నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరై, కొవ్వును తోసుకుంటూ పైకొస్తాయి. మనం వినేది ఆ చప్పుడే. త్వరగా అవుతుందని మంట పెంచకండి. నీళ్లున్నంతసేపూ ఇచ్చిన వేడంతా వాటిని ఆవిరి చేయడానికే పోతుంది, గిన్నెలో వేడి దాదాపు అక్కడే ఆగి ఉంటుంది. మంట పెంచితే నురుగు పొంగి పొయ్యి మీద పడటమే మిగులుతుంది. మూత కూడా పెట్టొద్దు. పైకెళ్లిన ఆవిరి మూతకి తగిలి చల్లబడి, చుక్కలై మళ్లీ గిన్నెలోకే దిగుతుంది.

చిటపటలు తగ్గి దాదాపు ఆగిపోయాయంటే నీళ్లు అయిపోయాయి. ఇక గిన్నె దగ్గర్నుంచి కదలకండి, ఫోన్ మోగినా సరే. ఆపే నీళ్లు లేవు కాబట్టి వేడి చకచకా పెరుగుతుంది, వెన్నలోంచి అడుగుకి దిగిన పాల పదార్థం పొడిలా మారి ఎర్రబడుతుంది. అది లేత గోధుమ రంగుకి వచ్చి, కమ్మటి వాసన రాగానే స్టవ్ ఆపేయండి. ఆ వేడి మీదే తడి తుడిచిన తమలపాకో, మునగాకో వెయ్యండి. మళ్లీ చిటపటమంటుంది. ఆకులో ఉన్న నీళ్లవి, నెయ్యి కాగలేదని కంగారు పడకండి.

గరిటె మాత్రం పొడిగా ఉండాలి. ఓసారి కడిగిన గరిటె తుడవకుండా ముంచాను. నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు చోటు కావాలి. నెయ్యి ఎగిరి చింది, మణికట్టు మీద రెండు బొబ్బలు లేచాయి. పిల్లలు పక్కన నిలబడి చూస్తుంటే దీని గురించి ముందే చెప్పండి.

గోరువెచ్చగా అయ్యాక వడకట్టండి. అడుగున మిగిలిన ఎర్రటి పొడిలో పంచదార కలిపి పిల్లలకి పెట్టండి, వదలరు.

పూస కట్టాలంటే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మంచు సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. నెయ్యి అలా కాదు, అందులో రకరకాల కొవ్వులు, ఒక్కోటీ ఒక్కో వేడి దగ్గర పేరుకుంటాయి. నిదానంగా చల్లారితే ముందు పేరుకునేవి పూసలుగా పెరుగుతాయి, మిగతావి వాటి మధ్య ద్రవంగానే ఉంటాయి. ఒక్కసారిగా చల్లబరిస్తే అన్నీ కలిసి నున్నటి గడ్డ అవుతుంది. అలా అయినా పాడైనట్టు కాదు. చివరి రేణువు కూడా కరిగేదాకా వేడి చేసి, ఈసారి వంటింటి గట్టు మీద రాత్రంతా కదపకుండా ఉంచండి.