అమెరికా వలస జీవితాల నవలను ఆడియోలో వినేవారికి

అమెరికాకు వలస వెళ్లిన ఐదారుగురి జీవితాలు ఒకదానితో ఒకటి అల్లుకునే నవలను ఆడియోలో వినేటప్పుడు, మూడో అధ్యాయానికే ఎవరు ఎవరో తెలియక తికమక పడటం సహజం. అచ్చు పుస్తకమైతే నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, ఈ పేరు ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో చూసుకోవచ్చు. ఆడియోలో ఆ వెసులుబాటు తక్కువ కాబట్టి కాస్త ముందస్తు ఏర్పాటు అవసరం.

ముందుగా, నవల మొత్తాన్ని ఒక్కరే చదివారా, పాత్రకొకరు చదివారా అన్నది చూడండి. ఒక్కరే చదివి ఉంటే అధ్యాయాల పట్టికను ఒకసారి తెరవడం మంచిది, ఎందుకంటే ఈ తరహా నవలల్లో పాత్ర పేరే అధ్యాయానికి శీర్షికగా ఉండటం కద్దు. ఇంగ్లీషు ఆడియో గంటకు సుమారు 9,000 మాటల చొప్పున సాగుతుంది కాబట్టి, పన్నెండు గంటల నిడివి అంటే లక్షకు పైబడిన మాటలని అర్థం. అందులో మొదటి గంటను వంట చేస్తూనో కారు నడుపుతూనో కాకుండా, కుదురుగా కూర్చుని మామూలు వేగంతో వినండి.

ఆ గంటలో ఒక కాగితం దగ్గర పెట్టుకుని ప్రతి పాత్రకూ నాలుగు సంగతులు రాసుకోవాలి: పేరు, ఏ దేశం నుంచి ఏ సంవత్సరంలో వచ్చారు, ఏ వీసా మీద ఉన్నారు, ఎవరితో సంబంధం ఉంది. పేరూ బంధుత్వమూ ఎలాగూ గుర్తుంటాయి; నా దృష్టిలో అసలు కీలకం వీసాలోనూ సంవత్సరంలోనూ ఉంది. ఈ కథల్లో పాత్రల భయాలు, మౌనాలు, తొందరపాటు నిర్ణయాలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి, మంచి రచయితలు వాటిని ప్రతిసారీ విడమరిచి చెప్పరు.

హెచ్-1బి మీద ఉన్న ఇంజనీరునే తీసుకోండి. ఆ వీసా గడువు మొదట మూడేళ్లు, మామూలుగా మొత్తం ఆరేళ్లు; గ్రీన్ కార్డు ప్రక్రియలో కొంత ముందుకు వెళ్లినవారికే ఆపైన పొడిగింపు దొరుకుతుంది. ఉద్యోగం పోతే, 2017లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజుల్లో మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా వేరే వీసాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. ఉద్యోగం పోయిందని భర్త చెప్పగానే భార్య ఏమీ అనకుండా గోడ మీది క్యాలెండరు తిప్పి, పిల్లవాడి బడి ఎప్పుడు ముగుస్తుందో చూసిందనుకోండి. ఈ నిబంధన తెలిసిన శ్రోతకు ఆమె లెక్క వెంటనే అందుతుంది, తెలియని శ్రోతకు అది ఏదో చిన్న వివరంలా దాటిపోతుంది. ఆమె హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉన్నవారి భార్య లేదా భర్తకూ పిల్లలకూ ఇచ్చే వీసా మీద, ఉంటే కథాకాలమూ ముఖ్యమే: 2015 మే నెలకు ముందు ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు, ఆ తర్వాత కూడా గ్రీన్ కార్డు కోసం నిరీక్షిస్తున్న కొందరి జీవిత భాగస్వాములకే ఆ అనుమతి వచ్చింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో సాధారణంగా ఒక దేశానికి ఏటా 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగుతుంది, ఈలోగా 21 ఏళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రుల దరఖాస్తులో చోటు కోల్పోవచ్చు.

సంవత్సరం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. 1946 తర్వాత కూడా భారతదేశానికి ఏటా దక్కిన కోటా వంద మంది మాత్రమే. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు కేటాయించే ఆ పద్ధతిని రద్దు చేసింది. అందుకే 1970లలో నేరుగా గ్రీన్ కార్డుతో దిగిన వైద్యుడికీ, 2008లో తాత్కాలిక వీసాతో వచ్చిన ఇంజనీరుకూ ఆ దేశం ఒకేలా కనిపించదు, ఒకే ఇంట్లో మామగారూ అల్లుడూ ఈ ఇద్దరైతే వారి వాదులాటకు మూలం అక్కడే దొరుకుతుంది. చిన్నతనంలో పత్రాలు లేకుండా వచ్చిన మెక్సికన్ యువతి పాత్ర ఉంటే, 2012లో మొదలైన డాకా (ఇలా వచ్చినవారిని దేశం నుంచి పంపించేయకుండా తాత్కాలికంగా ఆపే) రక్షణ రెండేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసినదే తప్ప దానంతట అది గ్రీన్ కార్డుకు దారితీయదని గుర్తుంచుకోండి.

పాత్రలు ఒకరికొకరు తెలియకుండానే కలిసే చోట తప్పకుండా బుక్‌మార్క్ పెట్టుకోండి. ఉదాహరణకు, న్యూయార్క్‌లో జాక్సన్ హైట్స్ దగ్గర రూజ్‌వెల్ట్ అవెన్యూ మీదుగా సాగే 7వ నంబరు రైలులో ఒక నర్సు ఎవరో వృద్ధుడికి సీటు ఇస్తుంది. చాలా అధ్యాయాల తర్వాత ఆ వృద్ధుడే తన కథ మొదలుపెడతాడు. అప్పుడు వెనక్కి వెళ్లి ఆ మొదటి సన్నివేశాన్ని మళ్లీ వింటే, గొంతులో అంతకుముందు గమనించని తడబాటు పట్టుబడుతుంది. ఇలాంటి నవలను ఆడియోలో వినడంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

యాసనూ గమనించండి. ఆఫీసులో ఇంగ్లీషు కోసం తడుముకునే మనిషి అమ్మతో ఫోనులో మాతృభాషలో ధారాళంగా మాట్లాడతాడు కదా, ఆ సంభాషణను ఇంగ్లీషులో చదివేవారు అక్కడ యాసను వదిలి నిండుగా పలకాలి. మనసులోని ఆలోచనలను కూడా విరిగిన ఇంగ్లీషు యాసలో చదివితే ఆ పాత్రకు అన్యాయం జరిగినట్టే, అలాంటి ఆడియో కన్నా అచ్చు ప్రతి మేలు.

వేగం 1.25 దాటించకండి. నిద్రకు ముందు వినేవారు టైమరును నిమిషాల లెక్కన కాకుండా అధ్యాయం చివరికి పెట్టుకుంటే సన్నివేశం మధ్యలో తెగదు. కొన్ని రోజుల విరామం తర్వాత తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆగిన చోటికి ఐదు నిమిషాలు వెనక నుంచి వినండి. అమెరికాలో ఉన్నవారు తమ ఊరి గ్రంథాలయం కార్డుతో లిబ్బీ యాప్ ద్వారా ఆడియో పుస్తకాలను ఉచితంగా అరువు తెచ్చుకోవచ్చు, కానీ గడువు తీరగానే పుస్తకం దానంతట అదే వెనక్కి పోతుంది కాబట్టి, రాసుకున్న కాగితాన్ని పారేయకుండా ఉంచుకుంటే మళ్లీ వంతు వచ్చినప్పుడు మొదటి నుంచి వినవలసిన అవసరం రాదు.