ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ తయారీ – ఆరో పాఠం: బాడీకి లాకర్ పూత

గత పాఠం పూర్తిచేసిన వారి దగ్గర ఇప్పటికి 44 మిల్లీమీటర్ల మందం గల టేకు బాడీ ఒకటి సిద్ధంగా ఉండాలి. నెక్, అంటే వేళ్ళతో తీగలు నొక్కే పొడవాటి మెడ, కూర్చునే గాడి 16 మిల్లీమీటర్ల లోతున తెగి, తీగల కదలికను పట్టే పికప్‌లకూ శబ్దాన్ని సరిచేసే కంట్రోళ్ళకూ గుంటలు పడి, అంచులు చెక్కను చెక్కే రౌటర్ యంత్రంతో గుండ్రంగా తిరిగి ఉండాలి. ఈ పాఠంలో దానికి లాకర్, అంటే ఆరాక గట్టి మెరిసే పొరగా నిలిచే ద్రవం, పూస్తాము. చేతితో చేసే పని అంతా కలిపితే పన్నెండు గంటలకు మించదు గానీ, మధ్యలో ఆగవలసిన రోజులతో కలిపి చూస్తే ఐదారు వారాలు పడుతుంది. కనుక ఏదైనా పండగకో కచేరీకో గిటార్ చేతికి రావాలనుకునే వారు వెనక్కి లెక్క వేసుకుని మొదలుపెట్టడం మంచిది.

ముందుగా, బాడీ ఆకారం కోసినప్పుడు మిగిలిన వాటిలో జానెడు టేకు ముక్క ఒకటి వెతికి పక్కన పెట్టుకోండి. దీన్ని నేను తోడు ముక్క అంటాను. గరుకు కాగితం మొదలుకొని ఆఖరి పాలిష్ దాకా ఈ పాఠంలో చెప్పే ప్రతి పనీ మొదట దాని మీద జరగాలి. అది ఆరాక, పగటి వెలుతురులో చూసుకున్నాక బాడీ మీదకు రావాలి. లాకర్ డబ్బా మీద రాసిన సమయాలు ఎక్కడో ఒక ఫ్యాక్టరీ గదిలోని గాలిని బట్టి రాసినవి. తోడు ముక్క ఆరేది మాత్రం మీ వరండా గాలిలోనే.

టేకునే ఎందుకు తీసుకున్నామని కొందరు అడిగారు. విజయవాడలో పాత పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే గుమ్మాలు, దూలాలు దశాబ్దాల పాటు ఆరినవి కాబట్టి ఇక వంకర తిరగవు. అడితిలో కొత్త చెక్కకు ఆ భరోసా లేదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలికగా ఉంటుంది కదా, అది పనికిరాదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. బొమ్మకు ఎంత హాయిగా తెగుతుందో, గిటార్‌కు అంత మెత్తన. తీగల కొసలు ఆనే బ్రిడ్జి మరలు పట్టి నిలవవు, గోరు నొక్కినా గుంట పడుతుంది. నూజివీడు వీణలకు వాడే పనస మాత్రం చక్కని చెక్క, దొరికితే వదలకండి. టేకుతో వచ్చే చిక్కులు రెండు. ఒకటి బరువు: ఫెండర్ కంపెనీ గిటార్ స్ట్రాటోకాస్టర్ ఆకారంలో కోస్తే బాడీ ఒక్కటే రెండున్నర కిలోల దాకా తూగుతుంది. రెండోది దానిలో సహజంగా ఉండే నూనె, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

గరుకు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220 మీదుగా వెళ్ళాలి. కాగితాన్ని చేతి వేళ్ళతో పట్టుకోకుండా చదునైన చెక్క దిమ్మకు చుట్టి, చెక్కలో చారలు నడిచే దిక్కులోనే, అంటే వడ్రంగులు గ్రెయిన్ అనే దాని వెంటే, రుద్దాలి. వేళ్ళతో రుద్దితే వేలు పడిన చోటల్లా కంటికి కనబడని పల్లం ఏర్పడుతుంది, లాకర్ మెరిశాక అదే నీటి అలలాగా బయటపడుతుంది. టేకు పొడి ముక్కుకు, చర్మానికి పడదు, మాస్కు తప్పనిసరి. ప్రతి నంబరు పూర్తయ్యాక రాత్రి గదిలో దీపాలార్పి, సెల్‌ఫోన్ టార్చిని బాడీ మీద దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి చూడండి. పగలు నున్నగా అనిపించిన చెక్క మీద వెనకటి నంబరు మిగిల్చిన అడ్డగీతలన్నీ పొలం దుక్కిలాగా నీడలు వేస్తూ కనబడతాయి. అవి పోయేదాకా తరువాతి నంబరుకు వెళ్ళకూడదు. 220 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నీటికి లేచి నిలబడిన సన్నని నూగును అదే 220తో తేలికగా తీసేస్తే, ఆ తరువాత సీలర్, అంటే లాకర్ కింద చెక్కను మూసే తొలి పూత, తగిలినప్పుడు అది మళ్ళీ లేవదు.

ఇప్పుడు నూనె సంగతి. శుభ్రమైన తెల్లగుడ్డను లాకర్‌ను పలచబరిచే థిన్నర్‌లో ముంచి బాడీ అంతటా తుడవండి. గుడ్డకు పసుపు పచ్చని మరక అంటుతుంది. మరక పలచబడేదాకా గుడ్డ మార్చి తుడిచి, అరగంటలోపు మొదటి సీలర్ వేయాలి, ఎందుకంటే లోపలి నూనె మెల్లగా మళ్ళీ పైకి వస్తూనే ఉంటుంది. ఈ తుడుపులో ఇంకో లాభం ఉంది. రెండు పలకలు అతికించినప్పుడు బయటికి పొంగిన ఫెవికాల్ ఎక్కడైనా చెక్కలోకి ఇంకి ఉంటే, థిన్నర్ తడికి చుట్టూ చెక్క ముదురు రంగుకు మారి ఆ మరక మాత్రం పాలిపోయి నిలుస్తుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకుని గీకేయండి. ఇక్కడి నుంచి బాడీని తాకే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతితో పట్టుకుంటే లాకర్ ఆ చోట పట్టకుండా చుట్టూ ఒదిగి, మధ్యలో చేప కన్నులాంటి సున్నా మిగులుతుంది.

టేకులో రంధ్రాలు పెద్దవి. వాటిని పూడ్చకుండా లాకర్ వేస్తే ఎన్ని పూతలు వేసినా ఆరాక సూది గుచ్చినట్టు కుంగి కనబడతాయి. కొండపల్లిలో బొమ్మల అతుకులకు రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపి మక్కు పెడతారు. మన మక్కు కూడా ఆ వరుసలోదే, జిగురు మాత్రం వేరు: 220తో రుద్దినప్పుడు రాలిన టేకు పొడిని జల్లించి, శాండింగ్ సీలర్‌తో దోసె పిండి చిక్కదనానికి కలుపుకోవాలి. పాత ఏటీఎం కార్డుతో గ్రెయిన్‌కు అడ్డంగా, ఏటవాలుగా నొక్కి పూసి, పైన మిగిలింది వెంటనే గీకేయాలి. పాత గుమ్మపు మేకు రంధ్రాలకు మాత్రం కాస్త గట్టిగా కలిపి రెండు దఫాలుగా పెట్టండి. ఒక రాత్రి ఆగి, 320తో రుద్ది, సీలర్ రెండు పూతలు వేసి మళ్ళీ 320 పట్టిస్తే చేయి జారిపోయేంత నున్నన వస్తుంది.

ఇక ఏ పూత అన్నది. లక్కను స్పిరిట్‌లో కరిగించి రుద్దే ఫ్రెంచి పాలిష్ అందంగా ఉంటుంది గానీ చెమట చేతికీ స్పిరిట్‌కూ ఆగదు, మోచేయి ఆనే చోట ఏడాదిలో మసకబారుతుంది. మెలమైన్ అనే పూత తలుపులకు బాగానే ఉంటుంది, పొరపాటు జరిగితే సరిదిద్దడం కష్టం. రెండు భాగాలు కలిపే పీయూ, అంటే పాలీయురేథేన్, అన్నిటికన్నా గట్టిది, అయితే దాని గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్ ఉంటుంది. దాన్ని చిమ్మినప్పుడు వచ్చే తుంపర ఊపిరితిత్తులకు ప్రమాదం, మామూలు మాస్కుతో ఇంట్లో చేయవలసిన పని కాదు. పీయూనే కావాలనుకునే వారు సీలర్ దాకా ఇంట్లో చేసుకుని, ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే పెయింటర్‌కు ఇవ్వండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. లియో ఫెండర్ కంపెనీ 1950ల నుంచీ గిటార్లకు వేసిన రంగుల్లో చాలా భాగం డ్యూపాంట్ వారి కార్ల రంగులే: ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద నుంచి వచ్చింది, లేక్ ప్లాసిడ్ బ్లూ 1958 నాటి కాడిలాక్ మీద నుంచి. మనం మాత్రం ఈ పాఠంలో నైట్రోసెల్యులోజ్ లాకర్‌నే, దుకాణంలో ఎన్‌సీ లాకర్ అని అడిగితే ఇచ్చేదాన్నే, వాడుతున్నాము. కొత్త పూతలోని థిన్నర్ కింది పూతను కొద్దిగా కరిగించి రెండూ ఒకటే పొరగా కలిసిపోతాయి కాబట్టి, నేర్చుకునే వారి తప్పులను ఇది మన్నించినంతగా మరొకటి మన్నించదు.

మన్నించనిది ఒక్క తేమనే. నా మొదటి గిటార్‌కు తోడు ముక్క లేదు, తొందర మాత్రం ఉంది. భవానీపురంలో మా మేడ మీద శ్రావణమాసంలో, పొద్దున్న వాన వెలిసిందని, మధ్యాహ్నం నాలుగో పూత కొట్టాను. లాకర్ చిమ్మే స్ప్రే తుపాకి పక్కన పెట్టి చూస్తుండగానే నల్లని బాడీ మీద పాలు ఒలికినట్టు తెల్లని మసక అంచుల నుంచి నడుమకు పాకింది. థిన్నర్ ఆవిరైపోతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. కృష్ణ మీద నుంచి వచ్చే తడిగాలి ఆ చల్లదనానికి సన్నని నీటి బిందువులుగా మారి లాకర్‌లో చిక్కుకుపోతుంది, అదే ఆ తెలుపు. నేను కంగారుపడి దాని మీదే ఇంకో పూత కొట్టి లోపల బంధించాను, చివరికి అంతా గీకవలసి వచ్చింది. సరైన మందు సులువైనది: పొడిగా ఉన్న రోజు దాకా ఆగి, మెల్లగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్‌ను ఒట్టిగా పలచని మంచులాగా చిమ్మితే లాకర్ పైపొర మళ్ళీ కరిగి, నీరు బయటికి పోయి, తెలుపు విరుగుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటిన రోజున నేను తుపాకి ముట్టుకోను. తేమ చూపే చిన్న మీటరు కొనడం దండగ కాదు. దీనికి ఎదురు తప్పు మే నెలలో జరుగుతుంది. ఆ ఎండకు లాకర్ తుంపర బాడీని చేరేలోపే గాలిలో ఆరి, ఇసుక చల్లినట్టు పడుతుంది. సంక్రాంతి వెళ్ళాక ఉగాది లోపు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మన ఊళ్ళో పూతకు నేను కోరుకునే వేళ.

చిమ్మే ముందు నెక్ గాడిని మాస్కింగ్ టేపుతో పూర్తిగా మూయండి. గాడి వెడల్పు 56 మిల్లీమీటర్లకు సరిగ్గా కోసి ఉంటే, దాని గోడల మీద పేరుకునే లాకర్ వల్లనే నెక్ లోపలికి దిగకుండా మొరాయిస్తుంది; బలవంతంగా నొక్కితే ఆ మూలల్లో పూత పగులుతుంది. గాడి అడుగున నెక్ మరల రంధ్రాలకే అడుగు పొడవు చెక్క బద్దను బిగించుకుంటే అది పిడిగా పనికివస్తుంది, వేలాడదీయడానికి చివర కొక్కెం కూడా దిగ్గొట్టవచ్చు.

థిన్నర్ ఆవిరి నేల మీదుగా పాకి దూరంగా ఉన్న నిప్పును అందుకుంటుంది. మేడ మీదైనా, వరండాలోనైనా పని మొదలుపెట్టే ముందు కింద గ్యాస్ స్టవ్ ఆపారో లేదో, దేవుడి గూట్లో దీపం కొండెక్కిందో లేదో చూసుకోండి. సేంద్రియ ఆవిరులను ఆపే కార్ట్రిడ్జి మాస్కు వాడాలి, గుడ్డ మాస్కు ఇక్కడ దేనికీ పనికిరాదు.

లాకర్‌కు సమానంగా థిన్నర్ కలిపి, తుపాకిని బాడీకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మణికట్టు తిప్పకుండా చేయి మొత్తాన్ని బాడీకి సమాంతరంగా నడపాలి. మణికట్టు తిప్పితే మధ్యలో మందంగా, కొసల్లో పలచగా పడుతుంది. బాడీ బయట మీట నొక్కి, బాడీ దాటాక వదలాలి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. ముందు అంచులు, ఆపైన ముఖం. రంగు కావాలనుకునే వారు రంగు కలిపిన లాకర్ మూడు పూతలు వేసి, దాని మీద రంగులేని లాకర్ ఆరేడు పూతలు వేయండి. రోజుకు మూడు, మధ్యలో రెండేసి గంటలు. సన్‌బర్స్ట్, అంటే నడుమ లేతగా, అంచులకు ముదురుగా మారే రంగు, మొదటి గిటార్‌కు వద్దని నా సలహా. కారినట్టు కనబడితే తుడవకండి, మర్నాడు గట్టిపడ్డాక బ్లేడుతో గీకవచ్చు. అన్నీ కలిసి ఆరాక మందం నోటుపుస్తకంలో కాగితమంత, అంటే 0.1 మిల్లీమీటరు ఉంటే చాలు. పలచని పూత గిటార్ స్వరాన్నే మార్చేస్తుందని చెప్పేవారున్నారు; దిట్టమైన చెక్క బాడీకి ఆ మాట నేను నమ్మను. పలచగా ఉంచమనడానికి నా కారణం వేరే ఉంది: మందమైన నైట్రో ఏళ్ళ తరబడి కుంగుతూ, ఏసీ గదిలో నుంచి ఎండలోకి తెచ్చిన రోజున పగులుతుంది. ఆఖరి పూత ఇంకా మెత్తగా ఉండగానే టేపు తీసేయాలి. ఎండాక లాగితే అంచు వెంట పెచ్చు వస్తుంది.

తరువాత కనీసం మూడు వారాలు దుమ్ములేని చోట వేలాడదీయండి. ఆరిందో లేదో వేలితో కాదు, ముక్కుతో చూడాలి: నెక్ గాడి దగ్గర ముక్కు ఆనించి పీల్చితే థిన్నర్ వాసన తగలకూడదు.

వాసన పోయాక నీటి నూరుడు. పూత మీద కనబడే కమలా తొక్కలాంటి గరుకుదనాన్ని ఇది చదును చేస్తుంది. నీటిలో అంట్లు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, రబ్బరు దిమ్మకు చుట్టిన 800 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా వెళ్ళాలి. ముందుగా మరల రంధ్రాలన్నిటిలో కొవ్వొత్తి మైనం కూరండి, నీరు దిగితే చెక్క ఉబ్బి చుట్టూ పూత చిట్లుతుంది. 800తో రుద్ది తుడిచి చూస్తే అంతా మట్టి రంగు మసకగా మారి, అక్కడక్కడ మెరిసే చుక్కలు మిగులుతాయి; అవి కాగితం అందని పల్లాలు. అవి పోవాలి, కానీ గుండ్రటి అంచుల మీద చేయి ఆపకూడదు, అక్కడ పూత అన్నిటికన్నా పలచన. కాగితం కింద నీరు తెల్లగా ఉన్నంతసేపు భయం లేదు; నీటికి మీ రంగు వచ్చిందంటే రంగులేని లాకర్ అరిగిపోయిందని అర్థం, వెంటనే ఆపండి. 2000 తరువాత రబ్బింగ్ కాంపౌండు, ఆపైన మెత్తని పాలిష్, రెండూ సిలికాన్ లేనివి చూసి ఆటోనగర్ రంగుల దుకాణాల్లో తెచ్చుకోవచ్చు.

మెరుపు తేలాక నెక్‌ను గాడిలో పెట్టి చూడండి: అరచేతి ఒత్తిడికి దిగి, బాడీని ఎత్తినప్పుడు మరలు లేకుండానే ఒక్క క్షణం పట్టి ఉండాలి. దిగకపోతే గాడి గోడల మీది లాకర్‌ను ఉలి అంచుతో పైకి కాకుండా కిందికి గీకండి. గిటార్‌ను మామూలు రబ్బరు స్టాండు మీద పెట్టకండి, ఆ రబ్బరు నైట్రోను మెత్తబరిచి అతుక్కుంటుంది; పాత నూలు గుడ్డ చుట్టితే సరిపోతుంది. ఏడో పాఠానికి జిగురున్న రాగి రేకు టేపు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే మీటలకు 500 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్లు రెండు తెచ్చి ఉంచుకోండి. పికప్ గుంటలకు రాగి పరచి, కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుర్రును అణచే పని అందులో మొదలవుతుంది.