‘గేట్లు ఎత్తేశారట’లో ‘ట’ రాలిపోకుండా చదవడం ఎలా

కార్తీకంలో నాలుగు రోజులు వాన పట్టిందంటే చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘చెంబరంబాక్కం గేట్లు ఎత్తేశారట’ అని మొదలవుతుంది. చెంబరంబాక్కం అంటే నగరం పక్కనున్న పెద్ద జలాశయం. రెండు రోజులు గడిచేసరికి అదే మాట ‘ఎత్తేశారు కదా!’ అవుతుంది. చివరనున్న ‘ట’ ఎక్కడో రాలిపోయింది. విన్న సంగతి గుర్తున్నంత గట్టిగా, దాన్ని ఎవరన్నారో మనకు గుర్తుండదు. ఆ తర్వాత అసలు ప్రకటన చేతికొచ్చినా, మనసులో ముందే ఉన్నదాన్నే అందులో చదువుకుంటాం.

దీన్ని సాధనతో సరిచేసుకోవచ్చు. ఒక నోటు పుస్తకం, పావుగంట తీరిక చాలు. సాధనకు ఈ నమూనా ప్రకటన తీసుకోండి:

‘చెంబరంబాక్కం నీటిమట్టం 22 అడుగులకు చేరింది. ముందుజాగ్రత్తగా ఉదయం 9 గంటల నుంచి 500 క్యూసెక్కుల మిగులు నీటిని అడయారు నదిలోకి వదులుతారు. రేపు చెన్నైలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం కురిసే అవకాశం ఉంది.’

ఇలాంటిది చదవబోయే ముందే, ఆ విషయం గురించి మీకు తెలుసనుకుంటున్నదంతా రెండు నిమిషాల్లో రాసేయండి. ప్రతి వాక్యం పక్కన ‘చూశాను’, ‘చదివాను’, ‘అట’ అన్న మూడింటిలో ఒకటి వేయండి. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు 2015 డిసెంబరు వరద గుర్తుకు రాక మానదు. రానివ్వండి, దాన్నీ రాయండి. కాగితం మీద ఉంటే, అది తర్వాత వార్తలో కలిసినా పట్టుకోగలం.

ఇప్పుడు చదవండి. అంకెల చుట్టూ గడి గీయండి, క్రియల చివర గీత పెట్టండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. 500 క్యూసెక్కులంటే, 12 వేల లీటర్ల నీళ్ల లారీ సెకనుకు ఒకటికి కాస్త ఎక్కువ. 2015 డిసెంబరు 1 రాత్రి వదిలింది దాదాపు 29 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు 68 లారీలు. ఈ లెక్క వేయకపోతే ‘వదులుతారు’ అన్న ఒక్క మాటకే ఆ రాత్రి కళ్లముందుకొస్తుంది. అలాగని 500 చూసి ‘ప్రమాదమేమీ లేదు’ అనీ చదవకూడదు. ప్రకటన ఆ మాట అనలేదు, పైగా అడయారులో వేరే చెరువుల నీళ్లూ కలుస్తాయి.

‘భారీ’ కూడా ఇంట్లో వాడే మాట కాదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతానికి మించకుండా. ‘కురిసే అవకాశం ఉంది’ అన్నది మన నోట ‘కురుస్తుందంట’ అయిపోయేది ఇక్కడే.

పుస్తకం మూసి ఐదు నిమిషాలు వేరే పని చేసుకోండి. తర్వాత చూడకుండా మొత్తం రాసి, పోల్చండి. తప్పుల పక్కన ‘రాలింది’, ‘మారింది’, ‘చేరింది’ అని గుర్తు పెట్టండి. ‘చేరింది’ దగ్గర ఎక్కువసేపు ఆగండి. లేని వాక్యాన్ని రాసి ఉంటే, అది ముందు రాసుకున్న కాగితంలో ఉందేమో వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లో చూపించింది ఇదే. అలవాటు లేని కథ చదివిన ఇంగ్లీషువాళ్లు, తిరిగి చెప్పేటప్పుడు సీల్ వేటను తమకు తెలిసిన చేపల వేటగా మార్చేశారు.

అన్నిటికన్నా కష్టమైనది, తప్పని తేలినదాన్ని తీసేయడం. ‘కాదు’ అని కొట్టేస్తే చాలదు. 1994లో జాన్సన్, సీఫర్ట్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, మంటలంటుకున్న గోదాములోని ఒక గదిలో పెయింటు డబ్బాలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయని చదివినవాళ్లు, ‘ఆ గదిలో ఏమీ లేదు’ అని తర్వాత చదివి కూడా పొగను పెయింటుతోనే వివరించారు. వేరే కారణం చెప్పినప్పుడే ఆ పట్టు సడలింది. ఖాళీ చేసిన చోట ఇంకొకటి పెట్టకపోతే పాతదే తిరిగొస్తుంది.

కాబట్టి దిద్దుబాటును జరిగిన సంగతిగా రాయండి. 2015 వరదల్లో మామల్లపురం దారిలోని మొసళ్ల పార్కు నుంచి మొసళ్లు తప్పించుకున్నాయని పుకారు లేచింది. ‘తప్పించుకోలేదు’ అని రాసుకుంటే ఆ ‘లేదు’ కూడా ‘ట’లాగే రాలిపోతుంది, మొసలి మిగులుతుంది. ‘మొసళ్లన్నీ పార్కులోనే ఉన్నాయి’ అని రాయండి. తప్పుడు మాటను చెప్పక తప్పకపోతే ఒక్కసారే, అది తప్పని ముందే హెచ్చరించి చెప్పండి. ఎక్కువసార్లు విన్న మాట నిజమనిపిస్తుందని 1977 నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది.

వారం తర్వాత మరోసారి చూడకుండా రాయండి. మళ్లీ మళ్లీ చదవడం ఐదు నిమిషాల తర్వాతి పరీక్షకే పనికొస్తుంది. వారం నిలిచేది చూడకుండా రాసినదే.

నెల్లూరు నుంచి పెద్దమ్మ ‘గేట్లు ఎత్తేశారటగా’ అని ఫోన్ చేస్తే, ‘ఇవాళ పొద్దున్నే అధికారుల ప్రకటన చదివాను పెద్దమ్మా, తొమ్మిదింటి నుంచి 500 క్యూసెక్కులు వదులుతారని ఉంది’ అనండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎంత అన్న మూడూ అందులో ఉన్నాయి.